మిద్దె మీద ఆడిన ఆటను 16 పేజీల బొమ్మల కథగా మార్చడం ఎలా?

ఆదివారం నాలుగు గంటలు ఆడిన రోల్ ప్లేయింగ్ గేమ్‌ను ఉన్నదున్నట్టు బొమ్మల్లో పెడితే ఎవరూ చదవరు. ఆడినవాళ్లు కూడా చదవరు. ఊరికే అనడం లేదు. కర్నూలులో మా మిద్దె మీద ఐదుగురం ఆడిన మొదటి ఆటను నేను 22 పేజీలు గీశాను. అందులో 14 పేజీలు ఒకటే కొట్లాట. మా అక్క అంతా తిరగేసి, "ఇంతకీ వీళ్లు ఎందుకు కొట్టుకుంటాండారు రా?" అని అడిగింది. జవాబు నా దగ్గరుంది గానీ పేజీల్లో లేదు. రెండోసారి 16 పేజీలే గీశాను, దాన్ని అక్క చివరిదాకా చదివింది. ఆ రెంటి మధ్య తెలిసొచ్చిన సంగతులివి.

రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఒకరు లోకాన్ని చెబుతూ ఆట నడుపుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఆ లోకంలో తిరుగుతారు. "గోడ ఎక్కుతా" అని మీరంటే, ఎక్కగలిగారా జారిపడ్డారా అన్నది పాచిక తేలుస్తుంది. ఈ తరహా ఆటలకు పెద్దన్న అయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అచ్చు వేశారు. దానికి గుర్తుగా నిలిచిపోయింది 20 ముఖాల పాచిక. మా దగ్గర మొదట్లో అది లేక, చింతపిక్కల మీద 1 నుంచి 20 దాకా అంకెలు రాసి, గుడ్డసంచిలో వేసి తీసేవాళ్లం. ఆటకు ఏ లోటూ రాలేదు.

ఆటలోంచి కథ పుట్టడం కొత్త కాదు. 1986లో జపాన్‌లోని ఒక కంప్యూటర్ పత్రిక, కొందరు ఆడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని సంభాషణనే సీరియల్‌గా వేసింది. 'రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్' నవలలు, మాంగా (జపాన్ బొమ్మల కథలు), యానిమే (జపాన్ కార్టూన్లు) అన్నీ ఆ విత్తనంలోంచి మొలిచినవే. కాబట్టి మీ మిద్దె మీది ఆటను చిన్నచూపు చూడకండి.

ముందు ఆటను వినండి, గీయకండి

ఆడేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి మధ్యలో పడేయండి. ఫ్యాన్ కింద మాత్రం వద్దు, తర్వాత వింటే గాలి తప్ప మనుషులు వినపడరు. మరుసటి రోజు ఒక నోట్‌బుక్ పెట్టుకుని వినండి. అంతా రాసుకోనక్కర్లేదు. ఎవరైనా రెండు దారుల్లో ఒకటి ఎంచుకున్న చోటు, పాచిక మీద 1 గానీ 20 గానీ పడ్డ చోటు, అందరూ పగలబడి నవ్విన చోటు, అందరూ ఒక్కసారిగా నోరు మూసుకున్న చోటు. ఇవి చాలు.

ఇందులో బంగారం 1 పడ్డ చోటే. లెక్క చూడండి: 20 ముఖాల పాచికపై 1 పడే అవకాశం నూటికి 5. ఒక పూట ఆటలో 40 సార్లు వేశారనుకుంటే, సుమారు రెండుసార్లు ఎవరో ఒకరు దారుణంగా బోల్తా పడతారు. ఆడుతున్నప్పుడు అది ఏడుపు, బొమ్మల్లో అదే కథ. గెలుపులన్నీ ఒకేలా ఉంటాయి. 20 పడితే కత్తి దిగుతుంది, అంతే. కానీ 1 పడ్డప్పుడు ఆట నడిపేవాడు "ఎందుకు తప్పిందో" అప్పటికప్పుడు ఏదో ఒకటి అల్లి చెప్పాలి. ఆ అల్లికలో మీ పాత్ర స్వభావం బయటపడుతుంది.

ఇక కోత. కొట్లాటల్లో తొంభై పాళ్లు తీసేయండి. ఎవరికి ఎంత దెబ్బ తగిలింది, ఎవరి వంతు ఎప్పుడొచ్చింది లాంటి లెక్కలేవీ పేజీల్లోకి రాకూడదు. సంతలో తాడు బేరమాడిన ముప్పావుగంట కూడా తీసేయండి. బేరంలో మీ బావమరిది వేసిన జోకు బాగుంటే, అదొక్కటే ఉంచండి. 16 పేజీల్లో పట్టేది ఒక చోటు, ఒక ఆశ, ఒక పెద్ద పొరపాటు.

లోకం కోసం యూరప్ దాకా పోనక్కర్లేదు

ఫాంటసీ అనగానే మంచు, పైన్ చెట్లు, కూచి గోపురాల కోటలు గీసేస్తాం. మనం చూడనివి కాబట్టి ఎక్కడో చూసిన బొమ్మకు నకలు తీస్తాం, ఆ నకలు సంగతి చదివేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. మన చుట్టూ ఉన్నది చూడండి. గండికోటలో పెన్న కొండను కోసుకుంటూ పోయిన లోయ, అంచున ఎర్రగోడ, లోపల ధాన్యాగారం, మసీదు, గుళ్లు. ఓర్వకల్లు దగ్గర రోడ్డు పక్కనే ఎవరో పేర్చినట్టున్న రాళ్లు. కర్నూలు నడిబొడ్డున కొండారెడ్డి బురుజు. లేపాక్షి గుడిలో తలెత్తి చూస్తే కప్పు మీద పట్టీలు పట్టీలుగా సాగే బొమ్మల కథ. 16వ శతాబ్దంలోనే మనవాళ్లు ప్యానెళ్లు (బొమ్మల కథలో ఒక్కో బొమ్మకు గీసే గళ్లు) గీశారన్నమాట.

డంజన్, అంటే వీరులు దిగే నేలమాళిగ, కావాలంటే బెలుం గుహలు. జిల్లాల విభజన తర్వాత అవి నంద్యాల జిల్లాలోకి పోయాయి గానీ మా నోటికి ఇంకా కర్నూలు బెలుమే. కొలిమిగుండ్ల దగ్గర చదునైన పొలాల మధ్య నేలలో ఒక గొయ్యి, దాంట్లోకి మెట్లు. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో మనల్ని తిరగనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. అన్నిటికన్నా లోతు పాతాళగంగ, పైనుంచి సుమారు 46 మీటర్లు. నేను గీయడానికి పోయినప్పుడు పట్టుకొచ్చుకున్నది కొలతలు కాదు, ఉక్కపోత. గుహలంటే చల్లగా ఉంటాయనుకునే పోయాను. పది నిమిషాలకే చొక్కా వీపుకు అంటుకుపోయింది. మా కథలో వీరులందరూ గుహలో చెమటలు కక్కుతూ ఉంటారు. మంచుదేశపు కథ చూసి గీసి ఉంటే ఆ ముక్క దొరికేది కాదు. అక్కడి కరెంటు లైట్ల వెలుగును మాత్రం మర్చిపోండి. ఇంట్లో కరెంటు పోయినప్పుడు దీపం చేత్తో పట్టుకుని, గోడ మీద మీ ముక్కు నీడ ఎటు పడుతోందో చూసి గీయండి.

వీరులు ఇల్లు వదిలి ఎందుకు బయల్దేరాలి? దానికీ మన దగ్గర సరుకుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని మీరు చూసే ఉంటారు. ఒక రాయి దొరికితే బతుకు మారిపోతుందన్న ఆశ, దొరికిందని పక్కవాడికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం. ఇంతకన్నా మంచి మొదలు ఏ రూల్ బుక్కులోనూ దొరకదు. పోతే లంకెబిందెల కథలు ఎటూ ఉన్నాయి. (గడ్డపార పట్టుకుని కోటల్లోకి పోకండి. నోట్‌బుక్, పెన్సిల్ చాలు.)

ఒక్క మాట. సీమ కథ అనగానే తెల్లచొక్కా, సుమో, వేటకొడవలి గీయబుద్ధవుతుంది. సినిమాలు ఆ పని చాలా ఏళ్లుగా చేస్తున్నాయి, మనం కూడా చేయాల్సిన పని లేదు.

ఎవరి సొత్తు ఎవరిది

ఇది పొట్టిగానే చెప్తా, కానీ దాటేయకండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రాన్ని 2023 జనవరిలో ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేశారు. అందులోంచి ఏదైనా వాడుకుంటే, లైసెన్స్ అడిగినట్టు మూలం పేరు చెప్పాలి. ఫర్గాటెన్ రెల్మ్స్ లాంటి తయారు లోకాలు, బిహోల్డర్, మైండ్ ఫ్లేయర్ లాంటి జీవాలు అలా వదిలేసినవి కావు, అవి ఆ ఆట కంపెనీవే. అసలు ఆ తలనొప్పి ఎందుకు? గుడి స్తంభాల మీద యాళి ఉంది, గండభేరుండం ఉంది, ఊరి బయట కొరివిదయ్యం ఉంది. వీటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీతో ఆడినవాళ్ల అనుమతి మాత్రం కావాలి. పాత్ర వాళ్లది. చంపాలన్నా, పెళ్లి చేయాలన్నా అడిగి చేయండి.

పాత్రలు: నీడ చూసి గుర్తుపట్టాలి

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలుచన చేసి, రంగులద్ది, నగల చోట చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. వెనక దీపం పెడితే ఆ రంధ్రాలే మెరుస్తాయి. ఆ బొమ్మల్లో ఎవరెవరో గుర్తుపట్టడానికి ముఖం దాకా పోనక్కర్లేదు, ఆకారం చాలు. తెర మీద జుట్టుపోలిగాడు రాగానే పిల్లలు నవ్వేది వాడు నోరు విప్పకముందే.

మీరూ అదే పరీక్ష పెట్టండి. పాత్రలన్నిటినీ ఒక కాగితం మీద నిలబెట్టి, లోపలంతా నల్లగా నింపేయండి. చూసినవాళ్లు ఎవరెవరో చెప్పగలగాలి. మా మొదటి ప్రయత్నంలో అందరూ కత్తీ దుప్పటీ వేసుకున్న ఒకే మనిషిలా వచ్చారు. రెండోసారి సుంకమ్మకు నెత్తిన చుట్టకుదురు పెట్టాను, మంత్రగాడికి భుజం మీద కావడి వేశాను, దొంగ మద్దిలేటిని అందరికన్నా మూరెడు పొట్టి చేసి నడుముకు ఒక గంట కట్టాను. ఇంక ఎంత చిన్న ప్యానెల్‌లో గీసినా తికమక లేదు.

పాచిక మీద పడ్డ 1ని పేజీలోకి ఎక్కించడం

ఆ గంట సంగతి చెప్పాలి, ఎందుకంటే పనంతా అక్కడే ఉంది. ఆటలో జరిగింది ఇది. గుహలో పెద్ద జీవం నిద్రపోతోంది. మద్దిలేటి దాని పక్కనుంచి చప్పుడు లేకుండా పోతానన్నాడు. పాచిక వేశాడు. 1. ఆట నడిపేవాడు ఒక్క క్షణం ఆలోచించి, "నీ నడుముకు మేకగంట ఉంది కదప్పా, అది మోగింది" అన్నాడు. "నాకు గంట యాడిది?" అని మద్దిలేటి ఆడేవాడు లేచి నిలబడ్డాడు. పది నిమిషాలు రచ్చ.

ఆటలో గంట అప్పటికప్పుడు పుట్టినా చెల్లుతుంది. బొమ్మల కథలో అలా పుడితే చదివేవాడు మోసపోయాననుకుంటాడు. అందుకని వెనక్కి పోయి నాటాలి. 3వ పేజీలో మద్దిలేటి ఒక మేకను దొంగిలించబోతాడు. మేక తప్పించుకుపోతుంది, చేతిలో గంట మిగులుతుంది. ఉత్త చేతులతో పోవడమెందుకని నడుముకు కట్టుకుంటాడు. అక్కడది నవ్వు కోసం పెట్టినట్టే ఉండాలి. 8వ పేజీలో గుహలోకి దిగే ముందు, గంట మోగకుండా తలగుడ్డ కొస చింపి లోపల కుక్కుతాడు. ఇప్పుడు చదివేవాడికి గంట గుర్తొచ్చింది, మద్దిలేటి తెలివైనవాడే అని నమ్మకమూ కుదిరింది.

9వ పేజీలో నాలుగు ప్యానెళ్లు. మొదటిది పేజీ వెడల్పంతా, నలుపు, మధ్యలో గోరంత కాగడా. రెండోది నేల మీద వేళ్లు మాత్రమే ఆనించిన పాదం. మూడోది నేల మీద పడి ఉన్న గుడ్డపీలిక. మాట లేదు, ఎవరూ దాన్ని చూడరు, మనమే చూస్తాం. నాలుగోది అన్నిటికన్నా చిన్నది, పేజీ కింద కుడి మూలన: గంట, పక్కన "గణ్" అని చిన్న అక్షరాలు. అక్కడ పేజీ అయిపోతుంది. తిప్పితే 10వ పేజీ నిండా ఒకే బొమ్మ, తెరుచుకున్న కళ్లు.

తెలుగు పుస్తకంలో బేసి పేజీలు కుడివైపు వస్తాయి. ఉలిక్కిపడేలా చేసే బొమ్మ ఎప్పుడూ సరి పేజీలో, తిప్పితేనే కనపడేలా ఉండాలి. పక్కపక్క పేజీల్లో పెడితే కన్ను ముందే దానిమీదికి పోతుంది, "గణ్" వృథా. అందుకే అసలు బొమ్మకు ముందు 16 పేజీలనూ అగ్గిపెట్టెలంత గళ్లల్లో పుల్లబొమ్మలతో గీసి చూసుకోండి. చెరిపేయడం అక్కడైతే సులువు. మామూలు పేజీకి నాలుగైదు ప్యానెళ్లు దాటనివ్వకండి.

మాటలు

ఒక మాటల బెలూన్‌లో పన్నెండు పదిహేను మాటలు మించితే విడగొట్టండి. ముందు మాట్లాడేవాడు ఎడమ వైపు ఉండాలి. ఇవి అందరూ చెప్పేవే. మన భాషకు మాత్రమే ఉన్న వీలు ఇంకొకటుంది. వందల ఏళ్లుగా గుహలో ఉన్న జీవం టీవీ యాంకర్‌లా మాట్లాడదు కదా, దానికి గ్రాంథికం ఇవ్వండి. ఊరివాళ్లకు ఊరి మాట ఇవ్వండి. మా 11వ పేజీలో ఇలా ఉంటుంది:

"నాలుగు నూర్ల వత్సరములుగా నిచట నిదురించుచున్న నన్ను మేల్కొల్పిన మూఢుడెవ్వడు?"

"ఏంది సామీ? కొంచెం మెల్లగా చెప్పు, అర్థం కాలే."

జీవం ఎంత పాతదో చెప్పడానికి ఇంకో పేజీ ఖర్చు కాలేదు. ఊరి మాటను మాత్రం పలికినట్టే రాయబోతే చదవడం కష్టమైపోతుంది. "యాడికి", "ఎట్ల", "అప్పా" లాంటివి అక్కడక్కడా పడితే చాలు, చెవికి సీమ వినిపిస్తుంది.

చప్పుళ్లకు "బూమ్", "క్రాష్" అరువు తెచ్చుకోకండి. తలుపుకు కిర్రు, నీటిబొట్టుకు టప్, రాళ్లు జారితే జలజల, మనిషి పడితే దబ్బున. ఇన్ని పెట్టుకుని అప్పెందుకు?

గీత, అక్షరం, అచ్చు

ఏ4 డ్రాయింగ్ షీట్ మీద గీసి, ఏ5 సైజులో అచ్చు వేస్తే గీత ముదురుగా, శుభ్రంగా కనిపిస్తుంది. అంటే బొమ్మ 71 శాతానికి తగ్గుతుంది. పెన్సిల్ పైన నీటికి చెదరని ఇంకుపెన్ను వాడండి. మన ఏప్రిల్ ఎండల్లో అరచేతి చెమటకే ఇంకు అలుక్కుపోతుంది, చేతి కింద వేరే కాగితం పెట్టుకోవడం మర్చిపోకండి. నలుపు తెలుపు గీతను 600 డీపీఐలో స్కాన్ చేయండి.

అక్షరాల దగ్గర నేను తిన్న దెబ్బ మీరు తినకండి. ఇంట్లో కంప్యూటర్‌లో తెలుగు చక్కగా కనిపించింది. ఫైల్‌ను అలాగే తీసుకుపోయి ఒక ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. వాళ్ల కంప్యూటర్‌లో నా ఫాంట్ లేదు. నేను చూసుకోలేదు, వాళ్లూ చూడలేదు. 50 కాపీలు వచ్చాక తెరిస్తే "కత్తి" కాస్తా "కత్‌తి", "రాక్షసుడు" కాస్తా "రాక్‌షసుడు". అంత భయంకరమైన జీవానికి నత్తి వచ్చింది. తర్వాత నుంచి అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతలుగా) మార్చి, పీడీఎఫ్ చేసి, ఒక్క కాపీ తీయించి, ప్రతి ఒత్తూ చూశాకే మిగతావి వేయమంటున్నా. ఫోటోషాప్ పాత వెర్షన్ వాడితే టైప్ సెట్టింగుల్లో భారతీయ భాషలకు పనికొచ్చే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి, లేకపోతే ఇంట్లోనే ఒత్తులు విడిపోతాయి. ఉచితంగా కావాలంటే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు బాగానే నిలబడుతుంది. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైప్ చేయిస్తే, అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ చదవగలిగే పద్ధతి) కాదు కాబట్టి తర్వాత వేరే చోట తెరిచి దిద్దుకోలేరు.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మాటలకు మండలి, చప్పుళ్లకు లావుపాటి రామభద్ర నాకు సరిపోయాయి. మనకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి అరుపును సైజు పెంచే చూపించాలి. ఒత్తులు కింద, గుణింతాలు పైన ఢీకొట్టుకోకుండా వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇవ్వండి. అచ్చులో 9 పాయింట్ల కన్నా తగ్గితే పెద్దవాళ్లు చదవలేరు, అంటే ఏ4 మీద సుమారు 13 పెట్టుకోవాలి.

అట్టతో కలిపి 16 పేజీలంటే నాలుగు ఏ4 కాగితాలు, రెండు వైపులా అచ్చు, మధ్యకు మడిచి రెండు పిన్నులు. పేజీల వరుస తికమకగా ఉంటే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి: కాగితానికి ఒకే వైపు పక్కపక్కన వచ్చే రెండు పేజీల అంకెలు కూడితే 17 రావాలి. 16 పక్కన 1, దాని వెనక 2 పక్కన 15, అలాగ. ముందు తెల్లకాగితాలు మడిచి అంకెలు వేసి షాపుకు తీసుకుపోండి, నోటితో చెబితే ఎవరికీ అర్థం కాదు.

16వ పేజీ, అంటే వెనక అట్ట, తరచూ ఖాళీగా మిగిలిపోతుంది. లైసెన్స్ వాక్యం, ఆడినవాళ్ల పేర్లు అక్కడ వేయండి. ఇంకా చోటుంటే ఎవరిదైనా క్యారెక్టర్ షీట్‌ను (ఆటలో పాత్ర వివరాలు రాసుకునే కాగితాన్ని) చేతిరాతతో సహా స్కాన్ చేసి పెట్టండి. మేము మద్దిలేటిది పెట్టాం. సామాన్ల జాబితాలో "తాడు, అగ్గిపెట్టె, సద్దిమూట" అని ఉంది, దాని కింద వేరే పెన్నుతో, వేరే చేతిరాతతో "మేకగంట 1" అని. అది ఆట నడిపినవాడి రాత. పక్కనే మద్దిలేటి ఆడినవాడు దాన్ని మూడుసార్లు అడ్డంగా కొట్టేసి ఉన్నాడు.